సహనం మోచెయ్యి, శ్రమ బొటనవేలు

హికితా ఉనోకిచిగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదురుపడిన మనిషిలో ఏ గుణం తక్కువైందో రెండు నిమిషాల్లో తేల్చేసి, ఆ గుణం తాలూకు మోకాలో మోచెయ్యో తెచ్చి అతని గోడకి వేలాడదీసేవారు.

గుణానికి మోకాలేమిటని అడుగుతారు. నేనూ అడిగాను. "రావుగారూ, మీరు ఇన్ని దేశాలు తిరిగారు, విగ్రహం ఎప్పుడూ చూళ్లేదా?" అని ఆయన నన్నే ఎదురడిగారు.

చూడకేం! కూడలి కనిపిస్తే చాలు, ఎవరో ఒక ఆడమనిషిని ఇత్తడితోనో కంచుతోనో పోతపోసి ఎత్తుగా నిలబెట్టి, కింద న్యాయం అనో, విజయం అనో, స్వేచ్ఛ అనో చెక్కి పెట్టడం నేను తిరిగిన ప్రతి దేశంలోనూ ఉంది. మనిషికి కనపడని సంగతులన్నిటికీ ఆడవాళ్ల ఒళ్లు ఎందుకు తగిలిస్తారో దాని మీద చాలామంది పండితులు చాలా లావు పుస్తకాలు రాశారు. కొన్ని చదివాను, రైళ్లలో తలకింద దిండుగా కూడా పనికొచ్చాయి. నేను సొంతంగా గమనించింది ఒకటే: ఏ ఊళ్లో ఏది దొరకదో, ఆ ఊళ్లో దాని విగ్రహం ఉంటుంది.

ఆ లెక్కన మా కుజిహమలో ఏడు దొరకవు. ముందు సముద్రం, వెనక మంచుకొండలు, మధ్యలో చేపల వాసన తప్ప ఇంకేమీ లేని ఊరది. దానికో గొప్పతనం తెచ్చిపెట్టాలని ముప్ఫై ఏళ్ల కిందటి మేయరుకి పట్టుదల పుట్టింది. ఏడు చోట్ల ఏడు విగ్రహాలు నిలబెట్టించాడు. ఆశ, శాంతి, సహనం, శ్రమ, సఖ్యత, కృతజ్ఞత, రేపు. మొదటి ఆరు పేర్లూ వింటే మన వైపు వాళ్లు ఒకే ఇంటి ఆడపిల్లలనుకుంటారు. ఏడోది మాత్రం ఏ తండ్రీ పెట్టడు. ఆ "రేపు" చెయ్యి చాచి దూరంగా ఎటో చూపిస్తూ ఉంటుంది. చూపించిన దిక్కున ఉన్నది చేపల గోదాము.

ఉనోకిచిగారి వృత్తి పటాలు కట్టడం. ఎవరైనా బొమ్మో రాతో తెస్తే దాని వెనక పలచటి కాగితాలు పొర మీద పొర అంటించి, చుట్టూ పట్టుగుడ్డ అంచు కట్టి, కింద కర్ర బిగించి, చుట్టి పెట్టుకోవడానికి వీలుగా తయారు చేసి ఇవ్వాలి. గదిలో అందుకని కట్టుకున్న గూట్లో దాన్ని వేలాడదీసుకుంటారు. ఆయన పైగదిలో నేను పదకొండేళ్లు అద్దెకున్నాను. మూడు నెలలకని దిగాను, మడమ వల్ల ఉండిపోయాను. ఆ మడమ సంగతి చెప్తాను.

రెండో ఏడాది శీతాకాలంలో నా పెట్టె సర్దుకున్నాను. ఎందుకు సర్దుకున్నానో ఇక్కడ అనవసరం. దేశం నుంచి ఒక ఉత్తరం వచ్చిందనీ, అందులో మంచివార్త లేదనీ అనుకుంటే చాలు. అప్పుడు ఉనోకిచిగారు మెట్లెక్కి వచ్చారు. బొద్దుగా, గుండ్రంగా, రెండు చేతులకీ మోచేతులదాకా మసిసిరాతో, వంటింట్లోంచి పారిపోయి వచ్చిన మూకుడులా ఉంటారాయన. చంకలో పటం.

"మీకు శాంతి తక్కువ," అన్నారు, జ్వరం ఎంతుందో చెప్పే డాక్టరులా.

"ఎవరన్నారు?"

"మెట్లు అంటున్నాయి. మీరు దిగుతుంటే రోజూ వింటున్నాను. ఇదిగో, శాంతి ఎడమ మడమ. పొద్దున్నే దీని ముందు కూర్చుని, ఒక కప్పు టీ చల్లారేదాకా చూడండి."

"టీ తాగకూడదా?"

"చల్లారాక తాగండి. ఎవరొద్దన్నారు?"

విప్పాను. తెల్ల కాగితం మీద నల్లటి సిరాలో తేలిన మడమ, పటం నిండా అదొక్కటే. పగుళ్లూ, నరమూ, పోతలో పడ్డ చిన్న గాటూ, అన్నీ ఉన్నాయి. చుట్టూ నీలిరంగు పాత పట్టు. మహారాజు బొమ్మకైనా అంత మర్యాద జరగదు.

"చూశారా, ఈ మడమ నేలని నమ్మింది," అన్నారాయన. "మీది నమ్మదు."

నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే మేకు కొట్టి తగిలించాను. వారం పాటు కోపంగా చూశాను. ఎనిమిదో రోజుకి పెట్టెలోంచి చొక్కాలు ఒక్కొక్కటే బయటికి తీశాను.

ఈ అచ్చులు తీసే పద్ధతి చూస్తే తెలియనివాళ్లు కంగారు పడతారు. తడిపిన కాగితాన్ని విగ్రహానికి అంటించాలి. కుచ్చుబ్రష్షుతో తడుతూ ప్రతి మడతలోకీ అణచాలి. కాస్త ఆరాక, సిరాలో ముంచిన గుడ్డముద్దతో పైపైన అద్దుకుంటూ పోవాలి. రాతి శాసనాలకి చేసేది ఇదే. కాని శాసనం పలకలా ఉంటుంది, పైగా బట్టలు కట్టుకోదు. రైల్వే స్టేషను ముందు నిలబడ్డ ఆశ పలచటి చీరలాంటి దాన్ని చుట్టుకుని చేతులు పైకెత్తి ఉంటుంది. పొద్దున్నే ఆరున్నర రైలుకి వచ్చే జనానికి ఒక ముసలాయన ఆవిణ్ణి నడుం దగ్గర పట్టుకుని, చెంప ఆనించి, నోట్లో బ్రష్షు కరుచుకుని కనిపిస్తాడు. ఎవరికైనా ఏమనిపిస్తుంది?

స్టేషను ఎదురుగానే పోలీసు చౌకీ. అందులో ఇసోబే అని కానిస్టేబులు. యాభై దాటినవాడు, నిక్కచ్చి మనిషి, తన సైకిల్ని తనే తప్పుగా నిలబెట్టినందుకు ఒకసారి తనకే హెచ్చరిక కాగితం రాసుకున్నాడు.

"హికితాగారూ! మళ్లీనా!"

"అరవకు బాబూ, కాగితం జారుతుంది."

"ఆడమనిషిని అలా పట్టుకోవచ్చా? జనం ఫిర్యాదు చేస్తున్నారు."

"ఈవిడ చేసిందా?"

"మీరు ఎప్పుడు చూసినా ఈవిణ్ణే పట్టుకుంటారేం? ఊళ్లో ఇంకా ఆరుగురున్నారుగా!"

"వాళ్ల దగ్గరికి నువ్వు సెలవులో ఉన్నప్పుడు వెళ్తాను. ఆ పాదం కాస్త పట్టుకో, గాలేస్తోంది."

ఇసోబే పట్టుకునేవాడు. పట్టుకుని, పట్టుకున్నట్టు డైరీలో రాసుకునేవాడు.

ఆ ఇసోబేకి "రేపు" కుడిమోకాలు ఇచ్చారు. "నీకు అన్నీ ఇవాళే అయిపోవాలి, రేపనేది ఒకటుందని నీకు తెలియదు," అని తిట్టి మరీ ఇచ్చారు. మేయరుకి శ్రమ బొటనవేలు. అప్పటి మేయరు కాదు, అతని తర్వాత మూడోవాడు. ఆ వేలు ఆఫీసులో అతని కుర్చీ వెనక వేలాడేది. పై ఊళ్ల నుంచి వచ్చిన అధికారులు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, అతని తలమీంచి పెద్ద నల్లటి బొటనవేలుని చూసి, చెప్పాల్సింది మరిచిపోయేవాళ్లు. మేయరు దానివల్ల చాలా పనులు సాధించాడు.

మంగలి నెజుకి సహనం మోచెయ్యి. నెజు మంచి పనివాడే. కాని గడ్డం గీస్తూ రాజకీయాలు మాట్లాడతాడు. ఆవేశం వస్తే కత్తి ఆగదు. నా చెవి వెనక ఇప్పటికీ ఒక పాత ప్రభుత్వం తాలూకు గుర్తుంది.

"సహనం లేదు వెధవా నీకు," అని షాపు నిండా జనం ఉండగా అన్నారు ఉనోకిచిగారు. నిండా అంటే ఒక్కడే, నేను. స్టేషను పక్కన అద్దాల మేడలో ఇంకెవరో కొత్త సెలూన్ తెరిచిన నెల అది.

"నాకా? నాకు సహనం లేదా? నాకు! సహనం!" అని నెజు కత్తి ఊపాడు. నేను కుర్చీలోనే కిందికి జారాను.

"మోచెయ్యిని రోజూ చూడు. ఒక కప్పు టీ చల్లారేదాకా."

ఊళ్లో అలా నలభై చోట్ల ఉండేవి. పొద్దున్న ఏడున్నరకి కుజిహమలో ఏ ఇంటికి వెళ్లినా చల్లారిన టీయే ఇచ్చేవారు. తీసుకున్నవాళ్లలో ఒక్కరూ అడిగి తీసుకోలేదు. అడిగినవాళ్లకి ఆయన ఇవ్వలేదు. పక్కింటి బియ్యం వ్యాపారి రెండేళ్లు వెంటపడ్డాడు. "నీకన్నీ సరిగానే ఉన్నాయి, పో," అన్నారు. అతనికి అది చాలా అవమానమైంది.

అంతకంటే పెద్ద అవమానం ఆయన భార్య మసుయోగారికి. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ చేతిలో గరిటెతో ఉండే మనిషి. ముల్లంగీ చేపా కలిపి ఆవిడ ఉడికించే కూర వాసనకి నేను రెండు ప్రయాణాలు మానుకున్నాను.

"ఊరందరికీ పంచారు," అనేది ఆవిడ, నాతో అంటున్నట్టు ఆయనకి వినబడేలా. "కాళ్లు పంచారు, చేతులు పంచారు. పెళ్లయి నలభై మూడేళ్లయింది. నాకు చిటికెన వేలి గోరైనా దక్కిందా?"

"నీకేం తక్కువ?" అనేవారాయన.

"ఫ్రిజ్ తలుపు సరిగా పడదు."

"గుణాల్లో అడిగాను."

"ఫ్రిజ్‌కి లేదు గుణం. దానికివ్వండి."

ఏటా రెండుసార్లైనా ఈ సంభాషణ జరిగేది. ఫ్రిజ్ తలుపుకి మాత్రం సిరా మరకల తాడొకటి కట్టి ఉండేది.

ఇలా ఉండగా ఒక ఏడు ఫిబ్రవరిలో, ఒక సోమవారం పొద్దున్న ఆరున్నర రైలుకి వచ్చినవాళ్లు చూసేసరికి స్టేషను ముందు ఆశ లేదు. దిమ్మ ఉంది. దిమ్మ మీద కోసేసిన బోల్టులు నాలుగు ఉన్నాయి. వాటికి అప్పుడే కొత్త మంచు టోపీలు పెడుతోంది. రోజూ ఆవిడ ముందు తల వంచి రైలెక్కే అలవాటున్నవాళ్లు ఆ రోజూ తల వంచి, వంచాక చూసుకుని, సిగ్గుపడి రైలెక్కారు.

ఆ రోజుల్లో లోహం ధర పెరిగి దేశమంతటా దొంగలు కుళాయిలూ, గంటలూ, కాలవల మీది ఇనుప జాలీలూ ఎత్తుకుపోతున్నారు. మరి మిగతా ఆరుగురినీ ఎందుకు ముట్టలేదు? మేయరు మనుషులు వెళ్లి తట్టి చూశారు. శాంతి "టక్" అంది. సహనం "టక్" అంది. ఆరుగురూ టక్కే. లోపల సిమెంటు, పైన కంచురంగు. మొదటి విగ్రహంతోనే ఆనాటి మేయరు చేతిలో సొమ్ము అయిపోయిందన్నమాట. ముప్ఫై ఏళ్లుగా కుజిహమలో నిజంగా ఉన్నది ఆశ ఒక్కత్తే. ఇప్పుడు అదీ పోయింది.

మధ్యాహ్నానికి ఇసోబే మా ఇంటికి వచ్చాడు. బూట్లు విప్పి, వరసలో పెట్టి, అడుగున హీటరు ఉండే వెచ్చబల్ల దుప్పటి కింద కాళ్లు పెట్టుకుని, డైరీ తీశాడు. మసుయోగారు టీ ఇచ్చింది. అతను అలవాటుకొద్దీ అది చల్లారేదాకా ఆగాడు. పోలీసు విచారణ ఒక పావుగంట అలా మౌనంగా సాగింది.

"హికితాగారూ, తొమ్మిదేళ్లలో మిమ్మల్ని ఆశ దగ్గర నలభై రెండుసార్లు పట్టుకున్నాను. డైరీలో ఉంది."

"పట్టుకున్నావు. పాదం కూడా పట్టుకున్నావు."

"మీ నోటుపుస్తకం లెక్కన మీరిచ్చిన పటాలు నలభై ఒకటి. పోలీసు చౌకీలో ఉన్న నా మోకాలితో కలిపి. వాటిల్లో ఒక్కటి కూడా ఆశది కాదని మీరే చెప్పారు. శాంతి, సహనం, శ్రమ అన్నారు. కాని సిమెంటుకి తడికాగితం అంటుకుంటుందా?"

ఉనోకిచిగారు కప్పులోకి చూశారు.

"అంటుకోదు," అన్నాడు ఇసోబే. "పొద్దున్న ప్రయత్నించాను. సిమెంటు నీళ్లు పీల్చేసుకుంది. అంటే మీరు వేరే ఆరుగురి దగ్గరికి వెళ్లలేదు. అబద్ధం చెప్పారు. ఎందుకు? తొమ్మిదేళ్లు ఆవిడ ఒంటిని అంగుళం అంగుళం కొలత ఎందుకు తీశారు? ముక్కలుగా కోసి తీసుకెళ్లడానికి ఎక్కడ కోయాలో చూసుకున్నారా?"

"ఇసోబేగారూ!" అంది మసుయోగారు. "ఈయన ఈ ఇంట్లో చేపే కోయలేడు!"

"నేననడం లేదమ్మా. పెద్ద పోలీసు స్టేషను ఇనస్పెక్టరు అంటున్నాడు. గురువారం పదకొండు గంటలకి కారు పంపిస్తాడట. ఈలోగా పెద్దాయన నోరు విప్పి, ఏ పటం ఏ విగ్రహానిదో, అబద్ధం ఎందుకాడారో చెబితే సరే. లేకపోతే ఆ కారెక్కాలి." గొంతు తగ్గించాడు. "చెప్పెయ్యండి, హికితాగారూ. మీరు దొంగ కాదని నాకు తెలుసు. కాని నాకు తెలుసని కాగితం మీద రాయడానికి లేదు."

"చెప్పను," అన్నారు ఉనోకిచిగారు.

"ఎందుకు?"

"చెబితే పటాలు పనిచెయ్యవు."

ఇసోబే దాన్ని కూడా రాసుకున్నాడు.

ఆ మూడు రోజులూ మసుయోగారు ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. దానికే నాకు భయమేసింది. ఆయన మేజోళ్లు కుట్టింది. ఉన్ని మఫ్లరు ఉతికి పొయ్యి మీద ఆరబెట్టింది. "ఆ స్టేషనులో చలిగా ఉంటుందట," అని నాతో మామూలుగా అంది, ఆయన ఏదో వేడినీళ్ల ఊటలకి స్నానానికి వెళ్తున్నట్టు. పైగదిలో నేను నా మడమని చూస్తూ కూర్చున్నాను. అది శాంతి మడమ కాదని నాకప్పటికే తెలిసిపోయింది. అయినా అది నేలని నమ్ముతూనే ఉంది.

గురువారం పొద్దున్న ఇసోబే సాక్ష్యాలన్నీ పోగుచేశాడు. ఊరు ఊరంతా చుట్టచుట్టిన పటాలని చంకలో పెట్టుకుని, మంచులో జారుతూ, సమావేశ మందిరానికి వచ్చింది. ఇవ్వడం ఎవరికీ ఇష్టం లేదు. "సాయంత్రానికి తిరిగిస్తారా? నాకు రేపు పొద్దున్న కావాలి," అని నెజు రసీదు అడిగాడు. ప్రతి పటానికీ ఇసోబే ఒక అట్టముక్క కట్టాడు. పట్టుగుడ్డ మీద సూదిగుచ్చకుండా దారంతోనే కట్టాడు. అది మాత్రం మెచ్చుకోవాలి.

మందిరంలో జూడో నేర్పే హాలు ఉంది. కింద చాపలు. నలభై పటాలు పరిచాడు. నలభై ఒకటోది దొరకలేదు. ఉనోకిచిగారి నోటుపుస్తకంలో దాని ఎదురుగా ఉన్న పేరు గొందా అని, వేరే ఊరు. అతనెవరో మాకెవరికీ తెలియదు.

ఇసోబేకి ఒక బలహీనత ఉంది. చౌకీలో పని లేనప్పుడు అట్టముక్కలు పేర్చి బొమ్మ కుదిర్చే ఆట ఆడతాడు. పటాల మధ్య మేజోళ్లతో నడుస్తూ నడుస్తూ ఆగాడు. వంగాడు. సహనం మోచేతి పక్కన జారిన గుడ్డమడత ఒకటుంది. ఆ మడత కాగితం అంచు దగ్గర తెగింది. మూడు చాపల అవతల కృతజ్ఞత నడుం మీద అదే మడత మొదలైంది. అతను మోచేతిని తీసుకెళ్లి నడుం పక్కన పెట్టాడు. కలిసింది. నా మడమని తెచ్చి మేయరుగారి బొటనవేలుకి చేర్చాడు. కలిసింది. తన మోకాలిని తనే ఎత్తుకొచ్చాడు. కలిసింది.

కాసేపటికి ఊళ్లో వాళ్లందరూ మోకాళ్ల మీద పాకుతూ తమతమ ముక్కలు జరుపుతున్నారు. "కొంచెం ఎడమకి!" "అయ్యా, మీరు నా భుజం మీద కూర్చున్నారు!" "ఈ చెవి ఎవరిది? చెవీ!"

అరగంటకి హాలు మధ్యలో ఆశ పరుచుకుంది. ఒంటి చుట్టూ తీసిన అచ్చులు కాబట్టి ముందూ వెనకా పక్కపక్కనే, కడుపు చీల్చి తాడు మీద ఆరబెట్టిన స్క్విడ్ చేపలా, నలుపు తెలుపుల్లో, పట్టు అంచులతో. అంత హాస్యాస్పదమైన ఆడమనిషిని నేనెక్కడా చూడలేదు. అంత అందగత్తెనీ చూడలేదు. ఒక్క ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ చాప.

"అన్నీ ఈవిడవే!" అన్నాడు నెజు. "అయితే నాకు సహనం ఇవ్వనే లేదా?"

గోడ దగ్గర మఫ్లరు చుట్టుకుని కూర్చున్న ఉనోకిచిగారు నిట్టూర్చారు. "లేదు."

"ఏడేళ్లు! ఏడేళ్లు కత్తెర పక్కన పెట్టి ఆ మోచేతిని చూస్తూ కూర్చున్నాను!"

"కోపం తగ్గిందా?"

నెజు ఆలోచించాడు. "తగ్గింది."

"మరి ఎవరి మోచెయ్యైతే నీకెందుకు?"

ఇసోబే ఈ గొడవ వినడం లేదు. నోటుపుస్తకం తిరగేస్తున్నాడు. అందులో తేదీ, ఒంటిభాగం, మనిషి పేరు. అంతే. తన పేరు దగ్గర వేలు ఆగింది.

"మార్చి పద్దెనిమిది," అన్నాడు మెల్లగా. "పదోన్నతి పరీక్ష ఆరోసారి తప్పిన మర్నాడు. ఇక రాయనని పుస్తకాలు కట్టకట్టి బట్టల పెట్టెలో పడేశాను." తల ఎత్తి నెజు వంక చూశాడు. "నీది అక్టోబరు. కొత్త సెలూన్ తెరిచిన నెల. మేయరుగారిది ఆయన ఇంకా మేయరు కాకముందు, ఎన్నికల్లో మొదటిసారి ఓడిపోయిన వారం. రావుగారిది..."

"నాది వద్దు," అన్నాను.

"హికితాగారూ, ఇది ముందే చెప్పచ్చుగా! అందరికీ ఆశే ఇచ్చానని!" అన్నాడు ఇసోబే.

"ఎలా చెప్పను బాబూ?" అన్నారాయన విసుగ్గా. "నీ గతి బాగాలేదు, ఇదిగో కాస్త ఆశ పెట్టుకో అంటే ఎవడు పుచ్చుకుంటాడు? నా మీద జాలి చూపిస్తావా అని మొహాన కొడతాడు. నీకు సహనం లేదు వెధవా అన్నాననుకో, ఆ మంట మీదైనా మేకు కొట్టుకుంటాడు. ఇప్పుడందరికీ తెలిసిపోయింది. ఇక ఈ పటాలు కుండలు పెట్టుకోవడానికి పనికొస్తాయి."

సరిగ్గా అప్పుడే బయట కారు ఆగిన చప్పుడైంది. పదకొండు. ఇనస్పెక్టరు లోపలికి వచ్చి, బూట్లు విప్పి, నేల మీద ఉన్నదాన్ని చూసి, ఏం చెయ్యాలో తెలియక ముందు ఒకసారి తల వంచాడు. మసుయోగారు లేచి భర్త మఫ్లరు ముడి సరిచేసింది.

కారు వెనకే ఇంకో చప్పుడైంది. దగ్గుతూ, రొప్పుతూ, సగం తుప్పూ సగం నీలిరంగూ అయిన లారీ ఒకటి. అందులోంచి బక్కపలచని మనిషి దిగి, గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"నేను గొందా. పాత ఇనుము కొంటాను. ఇక్కడ పటాలాయన ఉండాలి. ఇల్లు తాళం వేసి ఉంది." ఉనోకిచిగారిని చూశాడు. "అయ్యా, మీరిచ్చిన శ్రమ ముఖం... అది ఆశ ఒంటిమీద ఉందండీ."

"నెమ్మదిగా చెప్పు," అన్నాడు ఇనస్పెక్టరు.

"మంగళవారం ఇద్దరు కొత్తవాళ్లు లారీడు పాతసామాను దింపి పోయారు. పేర్లు రాసుకోవాలి, సామాను చూసుకోవాలి, నేను చూసుకోలేదు. నిన్న టార్పాలిను ఎత్తితే కింద ఈవిడ. మొదట గుర్తుపట్టలేదు. నా గోడ మీద ఈవిడ ముఖం ఇంత వెడల్పు ఉంటుంది, రెండు చెంపలూ పక్కలకి సాగి, అణిగిన చేపలాగా. కాని కనుబొమ మీద చదరపు అతుకు ఒకటుంది చూడండి, పోతలో కన్నం పడితే వేసిన ముక్క. నాలుగేళ్లుగా రోజూ చూస్తున్నాను, టీ చల్లారేదాకా. ఆ అతుకు ఎలా మరిచిపోతాను?"

"దొంగసొత్తు కొన్నావంటే నీ లైసెన్సు ఏమవుతుందో తెలుసా?"

"తెలుసండీ. పోతుందేమో," అన్నాడు గొందా. "పదకొండుసార్లు కొట్టు మూశాను. ఈయన వచ్చి నీకు శ్రమ అంటే ఏమిటో తెలియదురా అని తిట్టి ముఖం ఇచ్చి పోయాక ఒక్కసారీ మూయలేదు. పన్నెండోసారి మూతపడితే పడనివ్వండి. రోజూ ఆ ముఖంలోకి చూస్తున్నవాణ్ణి, ఆవిణ్ణి ఎలా కరిగించమంటారు?"

మేమందరం బయటికి పరిగెత్తాం. లారీలో ఆశ వెల్లకిలా పడుకుని ఉంది. చేతులు పైకెత్తే ఉన్నాయి. గొందా ఆవిడకి గడ్డందాకా రెండు బొంతలు కప్పి, పక్కలకి దిండ్లు పెట్టి, నడుం చుట్టూ తాడు వేసి లారీకి కట్టాడు. చెంప మీద చిన్న సొట్ట తప్ప క్షేమం.

ఆ తర్వాతిదంతా మామూలే. దొంగలు పక్క జిల్లాలో దొరికారు. ఇనస్పెక్టరు గొందాని గట్టిగా మందలించి, స్వయంగా తెచ్చి అప్పగించాడని రాసుకుని వదిలేశాడు. వెళ్లేముందు హాల్లో ఒంటరిగా కాసేపు నిలబడ్డాడు. ఉనోకిచిగారు అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "మీకు కృతజ్ఞత తక్కువ," అన్నారు. ఇసోబే ఆయన నోరు మూశాడు.

ఇసోబే ఏడోసారి పరీక్ష రాశాడు. తప్పాడు. ఎనిమిదోసారికి చదువుతున్నాడు.

మీరనుకోవచ్చు, రహస్యం బయటపడింది కాబట్టి పటాలన్నీ కలిపి ఊరివాళ్లు ఏ మ్యూజియంలోనో పెట్టారని. మేయరు ఆ మాట అన్నాడు కూడా. ఎవరూ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే రసీదులు చూపించి ఎవరి ముక్క వాళ్లు పట్టుకుపోయారు. పేరు కూడా మార్చలేదు. నెజు ఇప్పటికీ వచ్చినవాళ్లకి గీస్తున్న కత్తి ఆపి, "అది సహనం మోచెయ్యి," అని చూపిస్తాడు. నాది శాంతి మడమే.

ఆశ తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న సంగతి ఒకటి మిగిలింది. మసుయోగారు ఆ మఫ్లరు మడతపెడుతోంది. నేను కింద కూర చల్లారకముందే తింటున్నాను. మూడు రోజుల మౌనం ఆవిడ మనసులో బాగా ఊరింది.

"ఊళ్లో అందరికీ ఆశ పంచారు," అంది. "మంగలికి, పోలీసుకి, అద్దెకున్నవాడికి, పరాయి ఊళ్లో తుప్పు కొనేవాడికి కూడా. అతనికి ఏకంగా ముఖమే ఇచ్చారు. నలభై మూడేళ్లు మీకు వండిపెట్టినదానికి ఒక్క ముక్క లేదు. అంతేనా?"

ఉనోకిచిగారు ఫ్రిజ్ తలుపు తాడు విప్పి, మళ్లీ కట్టి, తిరిగి చూశారు. ఆయన ముఖంలో నిజమైన ఆశ్చర్యం.

"నీకు ఆశ తక్కువెప్పుడయింది, మసుయో?" అన్నారు. "నలభై మూడేళ్లుగా నేను బాగుపడతానని చూస్తూనే ఉన్నావుగా!"

ఆవిడ గరిటె ఎత్తింది. ఎత్తి, ఆయన గిన్నెలో ఇంకో చేపముక్క వేసింది.